రోజంతా ఇద్దరమే

(ఉద్యోగాలకు విరామమిచ్చి కలిసి ప్రయాణం చేయాలనుకునే జంటల కోసం తిరుపతి బాలాజీ కాలనీలో ఒక ఆదివారం సాయంత్రం ఏర్పాటు చేసిన సమావేశంలోని ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలు పక్కన పెట్టి ఏడాది పాటు ఊళ్ళు తిరిగొస్తామంటుంటే, అదేందో విందామని వచ్చినట్టున్నారు. వచ్చి మంచి పని చేశారు. నేను చెప్పబోయేదాంట్లో మీ వాటా కూడా ఉంది.

ఈ సమావేశం పెట్టినవాళ్ళు నాకు ముందుగానే కొన్ని ప్రశ్నలు పంపించారు. దాదాపు అన్నీ డబ్బు గురించీ వీసాల గురించీ. వాటికి జవాబులున్నాయి, కాగితం తీసుకుని కూర్చుంటే ఒక పూటలో తేలిపోతాయి. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. ఆలుమగలు రోజంతా, ప్రతిరోజూ, నెలల తరబడి, తెలిసిన మనిషి ఒక్కరూ లేని ఊళ్ళో ఒకే గదిలో ఎట్లా ఉండాలి?

పెళ్ళయినవాళ్ళు కలిసి ఉండక ఏం చేస్తారు అంటారేమో. మన బతుకులు ఒకసారి చూడండి. మన ఊళ్ళో ఏ జంట రోజంతా కలిసి ఉంటుంది? ఒకరు కొట్టుకు, ఒకరు కాలేజీకి, ఇంకొకరు కొండమీద డ్యూటీకి. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఇంట్లో అత్త, మామ, పిల్లలు. వాళ్ళు చాలరన్నట్టు దర్శనానికి వచ్చిన చుట్టాలు. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు ఆ సంగతి నేను చెప్పనక్కర్లేదు. "రేపు పొద్దున రైలు దిగుతున్నాం, రూము దొరుకుతుందా, టికెట్లేమైనా చూస్తావా" అని ఫోను రాని వారం ఉండదు. వచ్చేవాళ్ళకు అన్నం పెట్టి, దారి చెప్పి పంపించే ఊళ్ళో పుట్టినవాళ్ళం మనం. మనమే మూటాముల్లె సర్దుకుని ఏడాది పాటు పోవడమనేది మనకు కొత్త.

మా సంగతి కొంచెం చెప్తాను. మా ఆయనది చిత్తూరు. చెన్నైలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. నేను ఇక్కడే ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన శుక్రవారం రాత్రి బస్సుకు వచ్చి, సోమవారం తెల్లవారుజామున మళ్ళీ బస్సెక్కేవాడు. వారానికి రెండు రోజుల కాపురం. ఆ రెండు రోజుల కోసం ఇద్దరం మంచి మొహం దాచిపెట్టుకునేవాళ్ళం. ఆఫీసులో ఆయనకు జరిగిన అవమానం అక్కడి స్నేహితుల దగ్గరే చల్లారిపోయేది. కాలేజీలో నా చిరాకు స్టాఫ్ రూములో తోటి మేడమ్‌ల దగ్గరే ఖర్చయిపోయేది. ఇంటికి వచ్చేసరికి ఇద్దరి దగ్గరా మిగిలేది కబుర్లే.

ఉద్యోగం జీతం ఒక్కటే ఇవ్వదు. రోజుకు ఎనిమిది పది గంటల ఎడం ఇస్తుంది. నీకంటూ ఒక పేరు, నీ మాట వినే నలుగురు, నువ్వు మాత్రమే చేయగల పని, ఇవన్నీ ఆ ఎడంలోనే ఉంటాయి. మానేసిన రోజున జీతంతో పాటు అదీ పోతుంది. జీతం పోతుందని అందరూ లెక్క వేసుకుంటారు. ఎడం పోతుందని ఎవరూ లెక్క వేసుకోరు. కొత్త ఊళ్ళో మూడో వారం, బయట వాన, తలుపు వేసిన గది, "ఏం తిందాం" అని ఒకరు, "నీ ఇష్టం" అని ఇంకొకరు. అది తిండి గురించి తగాదా అనుకుంటారు. కాదమ్మా. ఆఫీసూ స్నేహితులూ అమ్మా అన్నా కలిసి మోసిన బరువంతా ఇప్పుడు ఒక్క మనిషి మీద పడింది. ఎంత ప్రేమ ఉన్నా ఆ ఒక్క మనిషి అంత మోయలేడు, మోయలేదు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఉద్యోగం ఇచ్చిన ఎడాన్ని ప్రయాణంలో మీరే చేతులారా ఏర్పాటు చేసుకోవాలి. కోపం వచ్చినప్పుడు విడిగా పోవడం వేరు. కోపం లేని రోజు కూడా, కాఫీ తాగినంత మామూలుగా, కొన్ని గంటలు ఎవరి దారిన వాళ్ళు పోవడం వేరు. నేను రెండోదాని గురించి చెప్తున్నాను.

కంబోడియాలో అంగ్కోర్ గుడులు చూడ్డానికి పాస్ తీసుకోవాలి. ఒకరోజు పాస్ 37 డాలర్లు, మూడు రోజులది 62, ఏడు రోజులది 72. మూడు రోజుల పాసును పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. ఏడు రోజులదయితే నెల లోపల వాడుకోవచ్చు. మనవాళ్ళు చాలామంది ఒక్క రోజుది తీసుకుని, పొద్దున ఐదింటికి మొదలుపెట్టి సాయంత్రానికల్లా పది గుడులు చుట్టేస్తారు. రాత్రికి కాళ్ళు పీకుతాయి, ఒకరి మీద ఒకరు కసురుకుంటారు. మేము పెద్ద పాసే తీసుకున్నాం. దాని మీద ఎవరి ఫోటో వాళ్ళకు అచ్చు వేసి ఇస్తారు. నా పాసు నా మెడలో, ఆయనది ఆయన మెడలో. ఇద్దరం ఒకే గేటు దగ్గర ఒకే వేళకు ఉండాల్సిన పని లేదు.

మా ఆయనకు ఎక్కడం ఇష్టం. ఎంత ఎత్తయిన మెట్లుంటే అంత సంతోషం. నాకేమో ఒకచోట కూర్చుని చూడడం ఇష్టం. అంగ్కోర్ వాట్ తూర్పు వసారాలో క్షీరసాగర మథనం చెక్కిన గోడ ఉంది, 49 మీటర్ల పొడవు. మధ్యలో విష్ణుమూర్తి, కింద కూర్మం, అటు రాక్షసులు, ఇటు దేవతలు వాసుకిని పట్టుకుని వెనక్కి వాలి లాగుతుంటారు. పైన అప్సరసలు ఎగురుతుంటారు. కింద సముద్రంలో చేపలు, మొసళ్ళు. మందరం దగ్గరికి వచ్చేకొద్దీ ఆ సుడికి చేపలు రెండు ముక్కలై ఉంటాయి. దూరంగా ఉన్న చేపలు మామూలుగా ఈదుతుంటాయి. ఆ చెక్కినాయన ఎంత ఆలోచించాడో చూడండి! సుడి ఎంత దూరం తగులుతుందో ఒక్కొక్క చేపనూ బట్టి మనకు తెలుస్తుంది. పక్కన ఇంకో మనిషి "పోదామా, ఇంకా ఎంతసేపు" అనకుండా ఉంటేనే అది కనిపిస్తుంది. నేను పొద్దునంతా అక్కడే ఉన్నాను. ఆయన ఆ పొద్దున ఇంకెక్కడో ఎక్కి దిగొచ్చాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పడానికి ఆయనకు ఒక కథ, నాకు ఒక కథ. రోజంతా పక్కపక్కనే నడిచినవాళ్ళకు ఒకరికొకరు చెప్పుకోవడానికి ఏముంటుంది?

ఇది మనకు తెలియని సంగతేం కాదు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. జంటగా మొదలుపెట్టినవాళ్ళు ఎంతమంది చివరిదాకా పక్కపక్కనే ఎక్కుతారు? ఒకరు గబగబా ఎక్కేస్తారు, ఒకరు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తారు. "గాలిగోపురం దగ్గరుంటా, నిదానంగా రా" అంటాడు. ఎవరికీ కోపం రాదు. కలుసుకోవాల్సిన చోటు ముందే అనుకున్నారు కాబట్టి. ఏడాది ప్రయాణంలో కూడా ప్రతి ఊళ్ళో ఒక గాలిగోపురం పెట్టుకోండి. ఫలానా కాఫీ కొట్టు, ఫలానా వేళ. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయినా అక్కడికి చేరాలి. అంతే.

గది విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ పొదుపంతా అక్కడే చేస్తారు. రోజు లెక్కన ఒక్క గది తీసుకునే కంటే, నెల లెక్కన ఇల్లు తీసుకుంటే దాదాపు ప్రతిచోటా అద్దె బాగా తగ్గుతుంది. ఆ తగ్గిన డబ్బుతో ఇంకో గదో, వరండానో, కనీసం తలుపు వేసుకోగల వంటగదో ఉన్న ఇల్లు చూసుకోండి. ఒకరు నిద్రపోతుంటే ఇంకొకరు దీపం వేసుకుని కూర్చునే చోటు ఉండాలి. ఊళ్ళు తగ్గించుకున్నా ఫరవాలేదు. వియత్నాం ఈ-వీసా 2023 ఆగస్టు నుంచి 90 రోజులకు ఇస్తున్నారు. ఆ 90 రోజుల్లో ఇరవై ఊళ్ళు తిరగాలనే చట్టమేమీ లేదు. మూడు ఊళ్ళలో మూడు నెలలు కాపురం చేయొచ్చు.

మేము వియత్నాంలోని దా లాట్‌లో అట్లాగే ఉన్నాం. కొండమీద ఊరు, దాదాపు 1,500 మీటర్ల ఎత్తు, పొద్దున్నే చలి. అక్కడ వంటగది ఉన్న ఇల్లు దొరికింది. వంటగది దొరకగానే ఇంకో సమస్య మొదలవుతుంది. ఆడవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా వినండి. మన ఇళ్ళలో పనిలో ఎంతో కొంత అత్త చేస్తుంది, కొంత పనమ్మాయి చేస్తుంది, మిగిలింది మనం చేస్తాం. అక్కడ అత్తా లేదు, పనమ్మాయీ లేదు. ఆ మొత్తం పని చడీచప్పుడు లేకుండా ఆడమనిషి చేతుల్లోకి వచ్చి పడుతుంది. ఎవరూ చెయ్యమని అడగరు, ఎవరూ వద్దనరు. పది రోజులు గడిచేసరికి ఆయన సెలవులో ఉంటాడు, ఆమె ఇంటిపనిలో ఉంటుంది. ఇద్దరూ ఉద్యోగం మానేశారు కదా, మరి ఒకరికే విరామం దొరికితే అది న్యాయమెట్లా అవుతుంది?

మేము పనులు రాసుకుని పంచుకున్నాం. వండినవాళ్ళు గిన్నెలు కడగరు. బట్టలు ఉతికే వంతు వారం వారం మారుతుంది. మా ఆయనకు వంట రాదు. అక్కడ నేర్చుకున్న మొదటి వంట రాగిసంగటి. చిన్న రైస్ కుక్కర్ ఒకటి మా సామాన్లోనే తిరిగింది. ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన రాగిపిండి, అక్కడి నూకలు. నూకలు బాగా మెత్తబడేదాకా నీళ్ళు ఎక్కువ పోసి ఉడికించి, పైన పిండి కుప్పగా పోసి, మధ్యలో గరిటె కాడతో బొక్క పెట్టి మూత వేయాలి. పిండి పచ్చివాసన పోయేదాకా కదపకూడదు. ఆ తరవాత కుక్కర్ గిన్నెను గుడ్డతో గట్టిగా పట్టుకుని కెలకాలి. తెడ్డు లేదు, చెక్క గరిటే తెడ్డు. ఉండలు కట్టకుండా సంగటి వచ్చిన రోజు ఆయన ముద్ద చేసి, తడి చెయ్యి పెట్టి గుండ్రంగా నున్నగా తిప్పి నా పళ్ళెంలో పెట్టాడు. మా అత్తకు వీడియో కాల్ చేసి చూపించాం. "ఒరే, ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఇది నాకెందుకు చేసి పెట్టలేదురా" అని ఆమె అడిగింది. ఇప్పుడు ఇంట్లో కూడా ఆదివారం సంగటి ఆయనదే.

ఇక నిర్ణయాలు. ఉద్యోగంలో ఉన్నప్పుడు రోజు తనంతట తానే నడిచిపోతుంది. ప్రయాణంలో ప్రతిదీ తేల్చుకోవాలి. ఏ బస్సు, ఏ గది, ఏ వీధి, తినడానికి ఏం దొరుకుతుంది, ఇతను చెప్పే ధర న్యాయమేనా. ఇద్దరూ ప్రతిదానికీ చర్చ పెట్టుకుంటే మధ్యాహ్నానికే నీరసం వస్తుంది. ఒక్కరే అన్నీ చూసుకుంటే ఇంకొకరు సామాను లాగా వెంట పోతారు. మాకు కుదిరింది ఊరికొకరు పద్ధతి. ఈ ఊరు నాది. టికెట్లు, గది, తిండి, దారి, అన్నీ నేను చూస్తాను. ఏదైనా తేడా వచ్చినా ఆయన నోరెత్తడు. తరవాతి ఊరు ఆయనది. ఇట్లా చేస్తే ఇంకో మంచి కూడా ఉంది. భార్యకు ఏ విమానాశ్రయంలో ఏం చేయాలో, వీసా ఫారం ఎట్లా నింపాలో, అన్నీ సొంతంగా తెలుస్తాయి. ఆయనకు జ్వరమొస్తే ఆమె చెయ్యి ఆగిపోదు.

ఒక్క విషయంలో మాత్రం వంతులు పనికిరావు. భద్రత. అక్కడ భయపడే మనిషి మాటే చెల్లాలి. హ్యూ నుంచి దా నాంగ్ పోయే దారిలో హై వాన్ కనుమ ఉంది. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, కుర్రాళ్ళందరూ స్కూటర్లు అద్దెకు తీసుకుని పోతుంటారు. మా ఆయనకు పోవాలని చాలా ఆశ. నేను ససేమిరా అన్నాను. దానికి కారణం కూడా ఉంది. మన ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, దేశాల మధ్య 1949లో కుదిరిన రోడ్డు రాకపోకల ఒప్పందం కిందిది. వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్‌ను. అంటే మన పర్మిట్ చేతిలో ఉన్నా అక్కడ లైసెన్సు లేనట్టే లెక్క. లైసెన్సు లేకుండా బండి నడిపి దెబ్బ తగిలితే ప్రయాణ బీమా కంపెనీ డబ్బు ఇవ్వదు. స్కూటర్ అద్దెకిచ్చేవాడు ఇవేవీ అడగడు, పాస్‌పోర్టు చూపిస్తే తాళం ఇచ్చేస్తాడు. మేము రైల్లో పోయాం. హనోయ్ నుంచి సైగాన్ దాకా 1,726 కిలోమీటర్ల ఆ లైనులో కంటికి పండగలాంటి ముక్క అదే. సముద్రం అంచునే కొండ చుట్టూ తిరుగుతుంది రైలు. ఆయన కిటికీ వదల్లేదు.

ఇప్పుడు డబ్బు. ఎంత దాచుకోవాలని కదా అడిగారు. మీరు పోయే చోట్ల నెల ఖర్చును మీ నెలలతో హెచ్చవేయండి. దానికి తిరిగొచ్చాక ఉద్యోగం దొరికేదాకా ఆరు నెలల ఇంటి ఖర్చు కలపండి. ఏ రాత్రయినా ఇద్దరూ ఇంటికి రావడానికి విమానం టికెట్ల డబ్బు ఇంకో ఖాతాలో విడిగా పెట్టి, దాన్ని ముట్టుకోకండి. పీఎఫ్ జోలికి పోవద్దు. ఐదేళ్ళ సర్వీసు నిండకముందే తీస్తే పన్ను కూడా పడుతుంది. కార్డుల మీద విదేశాల్లో వాడే సౌకర్యం మనంతట మనం తెరిస్తేనే తెరుచుకుంటుంది, 2020 నుంచి అదే పద్ధతి. ఇక్కడే యాప్‌లో తెరిచి చూసుకోండి. ఓటీపీలు రావడానికి మన సిమ్ రోమింగ్‌లో బతికి ఉండాలి. లెక్కల సంగతి ఇంతే.

లెక్కకు రానిది ఇంకోటుంది. రెండు జీతాలు వచ్చేటప్పుడు ఆమె చీర కొనుక్కున్నా ఆయన హెడ్‌ఫోన్ కొనుక్కున్నా ఎవరూ ఎవర్నీ అడగరు. జీతాలు ఆగాక ఉన్నది ఒకటే కుప్ప. అందులోంచి కాఫీకి తీసినా ఇంకొకరి కంట్లో పడుతుంది. "ఇప్పుడిది అవసరమా" అనే మాట ఒక్కసారి మొదలైతే ఆగదు. ఆ మాట ఎక్కువగా ఆడవాళ్ళే పడతారు, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో కుప్పలో పెద్ద భాగం ఆయన సంపాదన. అందుకని బయలుదేరే ముందే ఇద్దరి పేరా చెరో ఖాతా, ఇద్దరికీ సమానంగా, నెలకింత అని లెక్క చెప్పనక్కర్లేని డబ్బు పెట్టుకోండి. చిన్న మొత్తమే కావచ్చు. ఆ డబ్బు ఏమైందని అడిగే హక్కు ఇంకొకరికి ఉండదు. ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే, ఎవరి కార్డు వాళ్ళ దగ్గరే ఉండాలి. "నీవి కూడా నేనే పెట్టుకుంటాలే, నువ్వు పోగొడతావు" అనే ప్రేమను మర్యాదగా వద్దనండి.

పెద్దవాళ్ళ వాటా ఉందన్నాను కదా. ఇప్పుడు అది. చాలామంది కంపెనీ ఆరోగ్య బీమాలో అమ్మానాన్నలను చేర్చి ఉంటారు. ఉద్యోగం మానేస్తే ఆ బీమా ఆగిపోతుంది, దాంతో మీ నాయనకూ ఆగిపోతుంది. ఆయనకు షుగరో బీపీయో ఉంటే, కొత్తగా సొంత పాలసీ తీసుకున్నప్పుడు ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా డబ్బు ఇవ్వకుండా ఎదురుచూపు పెట్టొచ్చు. కాబట్టి రాజీనామా ఇచ్చే ముందే, ఉద్యోగంలో ఉండగానే, అదే బీమా కంపెనీలో గ్రూపు పాలసీ నుంచి సొంత పాలసీకి మారే వీలు అడగండి. నోటీసు పీరియడ్ మూడు నెలలూ దీనికే వాడుకోండి. వీడ్కోలు పార్టీలు తరవాత. ప్రభుత్వ ఉద్యోగుల్లో రాజీనామా ఇవ్వకుండా జీతం లేని సెలవు మీద పోయేవాళ్ళున్నారు. వాళ్ళు కూడా సెలవు మంజూరు కాగితం చేతికి వచ్చాకే టికెట్లు కొనండి.

మా మామ లేరు. ఏటా ఆయన తద్దినం పెట్టాల్సింది మా ఆయనే, పెద్దకొడుకు. ప్రయాణం పటం గీసుకునేటప్పుడు మేము మొదట రాసుకున్నది ఆ తిథి. దానికి అటు ఒక ప్రయాణం, ఇటు ఒక ప్రయాణం. మధ్యలో చిత్తూరుకు వచ్చి, కార్యం చేసుకుని, అత్త దగ్గర కొన్నాళ్ళు ఉండి మళ్ళీ బయలుదేరాం. కొందరు స్నేహితులు విరామం విరిగిపోయిందన్నారు. నాకు అట్లా అనిపించలేదు. అత్తను వదిలి పోతున్నామనే బాధ ఆయన మనసులో ఉన్నన్నాళ్ళూ అది మా గదిలో మూడో మనిషిలా కూర్చునే ఉంటుంది. ఆ బాధకు చేయాల్సిన ఏర్పాటు చేస్తేనే మిగతా నెలలు తేలిగ్గా గడిచాయి. ఇంటి దగ్గర ఉండిపోయే తమ్ముడో చెల్లెలో ఉంటారు, ఆస్పత్రికి తీసుకుపోయేది వాళ్ళే. వాళ్ళతో ముందే కూర్చుని మాట్లాడండి, ఖర్చు మీరు పెట్టుకోండి, వాళ్ళు అలసిపోయినప్పుడు వచ్చేస్తామని చెప్పి నిజంగా రండి.

చుట్టాల మాటలు పడాల్సిందే. "పిల్లలెప్పుడు", "ఉన్న ఉద్యోగం వదులుకుంటారా ఎవరైనా", "పోనీ అమెరికాకా అంటే అదీ కాదు". ఎవరి వైపు చుట్టాలకు వాళ్ళే జవాబు చెప్పుకోవాలి. మా అత్త వైపువాళ్ళకు నేను జవాబు చెప్పను, మా మేనమామలకు ఆయన చెప్పడు.

ఇంకో ముఖ్యమైన మాట, దీన్ని కాస్త నిదానంగా చెప్తాను. 1830లో మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి భాష ఇంకొకరికి చెప్పేవాడిగా పనిచేసే ఏనుగుల వీరాస్వామయ్య సెలవు తీసుకుని కాశీకి బయలుదేరాడు. మే 18న చెన్నపట్నం వదిలి, మన తిరుపతి మీదుగానే పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. రైళ్ళు లేవు, పల్లకీలూ కాలినడకా. ఆయన వెంట పెద్ద పరివారమే ఉంది. మాట్లాడే మనుషులకు కొదవ లేదు. అయినా చూసిందంతా చెన్నపట్నంలో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపుతూ పోయాడు. వెంట ఎంతమంది ఉన్నా, ఈ ప్రయాణంలో లేని ఒక మనిషికి తన రోజు చెప్పుకోవడం ఆయన మానలేదు. తెలుగులో అంత మంచి ప్రయాణపు రాత మనకు దక్కింది ఆ స్నేహం వల్లే.

మీకూ అట్లాంటి మనిషి కావాలి. ఇద్దరికీ ఒకరే కాదు, ఎవరికి వాళ్ళకు ఒకరు. వారానికి ఒకసారయినా ఫోను చేయండి, రాయండి. భర్తతో చెప్పలేనిది, చెప్పనక్కర్లేనిది అక్కడ చెప్పుకోండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, గొడవ పడ్డ రాత్రి అమ్మకు ఫోను చేయొద్దు. మీరిద్దరూ పొద్దున్నకు కలిసిపోతారు. అమ్మకు అది ఏళ్ళ తరబడి గుర్తుంటుంది.

ఒంటి విషయాలు రెండు మాటల్లో. నెలసరి రోజుల్లో రాత్రి బస్సులు పెట్టుకోవద్దు, ఆ తేదీలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. కడుపు చెడ్డప్పుడు ఊరు కదలొద్దు. టికెట్టు డబ్బు పోతే పోయింది.

తిరిగొచ్చాక ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పరు, అందుకని చెప్తున్నాను. ఇంటర్వ్యూల్లో ఆ ఏడాది గురించి అడిగితే దాచకండి. తేదీలతో సహా రాయండి, ఉద్యోగ విరామం, ప్రయాణం అని. మా ఆయనను అడిగారు, చెప్పాడు, పని గురించిన ప్రశ్నల్లోకి పోయారు. జీతం మాత్రం ముందున్న దానికన్నా కొంచెం తక్కువకు ఒప్పుకున్నాడు. అది ముందే అనుకున్నాం. అంతకన్నా కష్టమయింది ఇంకోటి. మళ్ళీ ఆయన చెన్నైకి, నేను ఇక్కడ. రోజంతా కలిసి బతకడం అలవాటయ్యాక సోమవారం తెల్లవారుజామున ఆ బస్సు చాలా భారంగా ఉంది. ఈసారి చెన్నైలోనే ఇల్లు చూసుకుందామని నేనే అన్నాను. ఆయన ఇక్కడికి మారే ఉద్యోగం వెతుకుదామన్నాడు. ఇంకా మాట్లాడుకుంటున్నాం. ఇదివరకు ఆ మాట ఎవరమూ ఎత్తలేదు, వారానికి రెండు రోజులు చాలనుకుని ఏళ్ళు గడిపేశాం.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక యువతి: "మేడమ్, మా ఆయనకు చాలా ఇష్టంగా ఉంది. నాకు ప్రమోషన్ వచ్చే ఏడాది ఇది. రానంటే బాధపడతాడేమోనని ఊరుకున్నాను. ఏం చేయమంటారు?")

ఊరుకోవద్దమ్మా. రానని చెప్పు. ఇష్టం లేకుండా పోతే మొదటి నెలలోనే ప్రతి చిన్న కష్టానికీ "నీ కోసమే వచ్చాను" అనే మాట నోటిదాకా వస్తుంది. అది అన్నాక వెనక్కి తీసుకోలేవు. ప్రమోషన్ తీసుకో. ఒక ఏడాది వాయిదా వేస్తే అంగ్కోర్ గుడులు ఎక్కడికీ పోవు. ఈలోపల ఇద్దరికీ కుదిరే సెలవుల్లో, పోటీ పెట్టుకోకుండా, రెండు మూడు వారాలు ఒకే ఊళ్ళో ఇల్లు తీసుకుని ఉండి చూడండి. మైసూరు అయినా సరే, మదనపల్లె అయినా సరే. వండుకోండి, విడివిడిగా తిరగండి, నిర్ణయాలు ఊరికొకరు కాకపోయినా రోజుకొకరు తీసుకోండి. అప్పటికి నీకు పోవాలనిపిస్తే పోండి. ఆయన ఒక్కడే మూడు నెలలు పోయొస్తానంటే అదీ ఆలోచించదగిందే, నువ్వు మధ్యలో పది రోజులు వెళ్ళి కలవొచ్చు. జంట అంటే ఇద్దరూ ఒకే రోజు రాజీనామా ఇవ్వాలని ఎక్కడా లేదు.

(వెనక వరసలోంచి ఒక పెద్దాయన: "బీమా మార్చుకోవడానికి ఏం కాగితాలు కావాలమ్మా?")

పాత పాలసీ కాపీ, అందులో మీ పేరు ఎప్పటి నుంచి ఉందో చూపించే పత్రం, ఇప్పటిదాకా చేసిన క్లెయిముల వివరం, ఇవి మీ అబ్బాయి కంపెనీ హెచ్‌ఆర్ దగ్గర అడిగి తీసుకోవాలి. నేను మా అత్తకు చేయించిన కాగితాల నకళ్ళు తెచ్చాను, నంబర్లు కొట్టేసి ఉన్నాయి. టీ దగ్గరికి రండి, ఒక్కొక్కటీ చూపిస్తాను.